తోటలో ఒక్కటే మిగిలిన అరుదైన చెట్టుకు ముందు ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది. నూట ముప్ఫై ఏళ్ల పాత బొటానికల్ గార్డెన్‌లో ఈ మధ్యే ఉద్యోగంలో చేరారు. అక్కడ మన తూర్పు కనుమల చెట్లు కొన్ని ఉన్నాయి: ఒకే ఒక్క జాలారి మాను (సాల్ చెట్టుకు దగ్గర బంధువు), రెండు ఎర్రచందనాలు, ఒక పేరిత (ఈతలా కనబడే సైకస్ రకం చెట్టు). జాలారి కాండం మొదలు దగ్గర తొర్ర పడింది, పై కొమ్మలు ఎండుతున్నాయి. తొర్రలో సిమెంటు నింపమని ఒకరు, కొట్టేసి కొత్త మొక్క నాటమని ఇంకొకరు అంటున్నారు. ఈలోపు తోటను అందంగా చేయడానికి నిధులొచ్చాయి. చెట్టు చుట్టూ పేవర్ బ్లాకులు పరిచి లైట్లు పెడతారట. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు.

నేను ముప్ఫై రెండేళ్లు ఇలాంటి పాత తోటల్లోనే పనిచేశాను. ముందు మూడు మాటలు గట్టిగా చెబుతాను. సిమెంటు నింపొద్దు. చెట్టు కొట్టొద్దు. పేవర్ల పని ఆపించండి. ఈ మూడూ ఇవాళే చూడండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ ప్రశ్నంతా ఆ ఒక్క మాను చుట్టూనే తిరుగుతోంది. మీకున్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ చెట్టుకు ఆయుష్షు ఉంటుంది, ఎంత బాగా చూసుకున్నా ఒకరోజు పోతుంది. పాత తోటలో మన పని రెండు వైపులా ఉంటుంది. ఉన్న మానును వీలైనన్నేళ్లు నిలబెట్టాలి. అది పోయేలోపు దాని పుట్టుపూర్వోత్తరాలనూ, దాని సంతానాన్నీ భద్రం చేయాలి. మొదటిదాని మీదే అందరి చూపూ ఉంటుంది. రెండోది మర్చిపోయిన తోటలు పోగొట్టుకున్నవి నేను కళ్లారా చూశాను.

కాగితాలతో మొదలుపెట్టండి. మీ తోట ఆఫీసులో పాత రిజిస్టర్లు ఎక్కడో బీరువాలో, లేదా బీరువా మీద, మూటగట్టి ఉంటాయి. వాటిని దించండి. జాలారి ఏ ఏడాది వచ్చింది, ఏ కొండ నుంచి వచ్చింది, గింజగా వచ్చిందా మొక్కగా వచ్చిందా, ఎవరు పంపారు, ఇవి కావాలి. అడవి నుంచి వచ్చినట్టు రాసి ఉన్న చెట్టుకు, ఎక్కడిదో తెలియని చెట్టుకు సంరక్షణలో చాలా తేడా ఉంది. శేషాచలం నుంచి వచ్చిందని తెలిస్తే, రేపు దాని మొక్కల్ని ఆ కొండలకే తిరిగి పంపే దారి ఉంటుంది. తెలియకపోతే అది అందమైన చెట్టుగా మాత్రమే మిగులుతుంది.

ఈ కాగితాల విలువ నాకు నేర్పింది హౌరా తోట చరిత్ర. కలకత్తాకు ఎదురుగా హుగ్లీ ఒడ్డున 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన ఆ తోటను ఇప్పుడు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారత ఉద్యానం అంటున్నాం. అదే 1787లో మన కాకినాడ తీరాన్ని పెద్ద ఉప్పెన ముంచేసింది. అప్పుడు సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు మొక్కల మీద పనిచేస్తుండేవాడు. ఆయన పుస్తకాలూ రాతప్రతులూ ఆ ఉప్పెనలో పోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల్ని ఎదురుగా పెట్టి బొమ్మలు వేయించాడు. 1793లో హౌరా తోట బాధ్యతకు వెళ్లేనాటికి కోరమాండల్ తీరం మొక్కల మీద ఆయనకు అంత పట్టు వచ్చింది. ఈ తీరం మొక్కల మీద ఆయన తెచ్చిన మూడు సంపుటాల్లో మూడు వందల చిత్రాలున్నాయి. ఆయన బొమ్మలు మొత్తం రెండున్నర వేలకు పైనే. ఆయన పెట్టిన పేర్లలో చాలావాటికి ఎండబెట్టిన నమూనాలు సరిగ్గా మిగల్లేదు. ఇవాళ్టికీ ఏ మొక్కకు ఆ పేరు పెట్టాడో తేల్చుకోవడానికి ఆ బొమ్మల్నే చూస్తారు. మీ జాలారిని శాస్త్రీయంగా వర్ణించిందీ ఆయనే. మనవాళ్లు సోమిడ అని పిలిచే ఇంకో చెట్టు పేరే తర్వాత సోయ్‌మిడా అని శాస్త్రంలోకి ఎక్కింది. ఊళ్లో మనిషి నోటి పేరు కూడా రాసిపెట్టాడు కాబట్టే అది నిలిచింది.

కాబట్టి మీరూ అలాగే చేయండి. పూత మీద ఉన్న ఒక కొమ్మను నొక్కి ఎండబెట్టి, హెర్బేరియం షీటు చేసి, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. రిజిస్టరు పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసి రెండు చోట్ల దాచండి. మీ తోటలో తరతరాలుగా పనిచేసే మాలీలు ఉంటే వాళ్లతో కూర్చుని టీ తాగండి. "ఈ చెట్టు మా తాత చేతులతో నాటాడు సార్" అనే మాట ఏ రిజిస్టర్లోనూ దొరకదు. అది కూడా తేదీ వేసి రాయండి.

బోర్డు మీద పేరు తప్పుగా ఉండటం పాత తోటల్లో మామూలే. బోర్డును నమ్మొద్దు, చెట్టును నమ్మండి.

ఇక మాను దగ్గరికి వద్దాం. తొర్ర పడటం జబ్బు కాదు. చెట్టులో ప్రాణం ఉన్నది బెరడు కింద పలచని పొరలోనూ, దాని వెంటనే ఉన్న కొత్త కర్రలోనూ. లోపలి పాత చేవ కుళ్లి ఖాళీ అయినా, చుట్టూ గోడ గట్టిగా ఉంటే చెట్టు గొట్టంలాగా నిలబడే ఉంటుంది. సిమెంటు నింపితే ఏమవుతుంది? గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండింటి మధ్యా సందు వస్తుంది, సందులో నీళ్లు నిలుస్తాయి, కుళ్లు పెరుగుతుంది. చెట్టు తనంతట తాను కుళ్లు ముందుకు రాకుండా లోపల ఒక గోడ కట్టుకుంటుంది. సిమెంటు పట్టాలని లోపల గీకి శుభ్రం చేసినవాళ్లు ఆ గోడనే పగలగొడతారు. తొర్రను వదిలేయండి. గుడ్లగూబో చిలకో ఉంటే ఉండనివ్వండి.

పై కొమ్మలు ఎండటం గురించి. ముసలి చెట్టు తన సంసారం తగ్గించుకుంటుంది. పైదాకా నీళ్లు ఎక్కించే శక్తి తగ్గినప్పుడు పై కొమ్మల్ని వదిలేసి, కింద కొత్త చిగుళ్లతో చిన్న గుబురు కట్టుకుంటుంది. మీ చెట్టు కింది కొమ్మల్లో చిగుళ్లు ఆరోగ్యంగా ఉంటే అదే జరుగుతోందనుకోవచ్చు. కింది కొమ్మల ఆకులూ చిన్నవై, పసుపెక్కి, ఒకవైపే ఎండుతుంటే మాత్రం సమస్య వేళ్ల దగ్గర ఉంది. మాను మొదలు దగ్గర నేలకు ఆనుకుని గోధుమరంగు అట్టలాంటి గట్టి పుట్టగొడుగులు వచ్చాయేమో చూడండి. అవి ఉంటే వేళ్లలో కుళ్లు ఉన్నట్టే. అప్పుడు చెట్టు కిందికి జనాన్ని రానివ్వకండి, ధ్వని పరికరంతో కాండం లోపల పరీక్ష చేసేవాళ్లను పిలిపించండి.

సగం రోగాలు వేళ్ల దగ్గరే మొదలవుతాయి. ఇక్కడే పేవర్ల గొడవ వస్తుంది. జనం అనుకునేదేమిటంటే చెట్టు వేళ్లు లోతుకు పోతాయని. తిండీ నీళ్లూ లాగే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. వాటికి గాలి కావాలి. పేవర్లు వేయడానికి ముందు నేలను యంత్రంతో దిమ్మిస కొడతారు. ఆ రోజే చెట్టుకు దెబ్బ తగులుతుంది. కాకపోతే ముసలి చెట్టు ఆ దెబ్బకు మూడేళ్లకో అయిదేళ్లకో పోతుంది. అప్పటికి పేవర్లు వేసినవాళ్లు ఎవరో ఎవరికీ గుర్తుండదు.

కమిటీతో మాట్లాడేటప్పుడు "చెట్టుకు మంచిది కాదు" అంటే వినరు. కొలత చెప్పండి. నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత తీసుకోండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. ముసలి చెట్టుకైతే వ్యాసానికి పదిహేను రెట్ల దూరం వరకూ ఏ తవ్వకమూ, ఏ వాహనమూ, ఏ ఇసుక కుప్పా ఉండకూడదు. మీ జాలారి చుట్టుకొలత రెండున్నర మీటర్లు అనుకుంటే వ్యాసం దాదాపు 80 సెంటీమీటర్లు, అంటే అన్ని వైపులా 12 మీటర్లు. సున్నంతో ఆ వలయం గీసి కమిటీని అక్కడికే తీసుకెళ్లి నిలబెట్టండి. గీత కళ్లముందుంటే మాట తేలిగ్గా ఒప్పుకుంటారు. దారి తప్పనిసరి అయితే ఆ వలయం బయట నుంచి తిప్పమనండి. లైట్లు చెట్టు మీదికి వద్దు, మేకులు అసలే వద్దు.

వలయం లోపల పచ్చిక తీసేసి, రాలిన ఆకుల్నే మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి. మాను మొదలుకు మాత్రం ఆనించొద్దు, జానెడు ఖాళీ వదలండి. రోజూ ఊడ్చి ఆకులు తగలబెట్టే అలవాటు మీ తోటలో ఉంటే, ఆ చెట్టు కింద అది మానిపించండి.

ఇంకొక విషయం, చాలామంది పట్టించుకోరు. జాలారి, ఎర్రచందనం, పేరిత, ఇవన్నీ రాతి కొండల చెట్లు. కడప, చిత్తూరు, నెల్లూరు వైపు ఆ కొండలు చూసినవాళ్లకు తెలుసు, మట్టి తక్కువ, రాయి ఎక్కువ, పడిన నీళ్లు నిలవవు. ఎండాకాలం ఆకు రాల్చి ఊపిరి బిగబట్టుకోవడం ఎర్రచందనం అలవాటు. అలాంటి చెట్టు చుట్టూ పచ్చగడ్డి పెంచి, మే నెలలో రోజూ స్ప్రింక్లర్ తిప్పితే వేళ్లు కుళ్లిపోతాయి. ప్రేమతో నీళ్లు పోసి చంపడం అంటే ఇదే. మీ దగ్గర ఎర్రచందనాలకు పచ్చిక నీళ్లు తగులుతున్నాయేమో ముందు చూడండి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మీకు గుర్తుండే ఉంటుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది, సందర్శకుల్ని ఆపేశారు, తర్వాతి ఏడాది చెదపురుగుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. పేపర్లన్నీ ఆ సీసాల ఫోటోలే వేశాయి. అక్కడ జనాన్ని కొమ్మలకు దూరంగా ఉంచడం, ఊడలకు గొట్టాలు పెట్టి నేలకు దించడం, బరువైన కొమ్మలకు ఊతం ఇవ్వడం కూడా అంతే ముఖ్యం. మందు కంటే ఊతానికీ మట్టికీ ముసలి చెట్టు బాగా స్పందిస్తుందని నా అనుభవం.

ఇప్పుడు సంతానం సంగతి. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు అది చేయకూడదని.

నేను పనిచేసిన ఒక తోటలో ఒకే ఒక్క జాలారి ఉండేది. ఎండాకాలం చివర్లో ఒక పొద్దున చూస్తే చెట్టు కిందంతా రెక్కల కాయలు. జాలారి కాయకు అయిదు రెక్కలుంటాయి, మూడు పొడుగు, రెండు పొట్టి. గాలికి గిరగిరా తిరుగుతూ దిగుతాయి. మేమంతా సంబరంగా గోనెసంచి నిండా ఏరాం. వేరే తోటకు కూడా సగం పంపుదామని పై నుంచి అనుమతి అడిగాం. కాగితం వచ్చేదాకా గింజల్ని గుడ్డసంచిలో వేసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, బీరువాలో పెట్టాను. వరి గింజైనా, కంది గింజైనా అలాగే కదా దాస్తాం. మూడు వారాల తర్వాత నాటాం. ఒక్కటీ మొలవలేదు. మధ్యకు కోసి చూస్తే లోపల పప్పు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయింది. ఆ తర్వాతి ఏడాది చెట్టు సరిగ్గా కాయలేదు. ఆపై వచ్చిన గాలివానకు మాను వేళ్లతో సహా పడిపోయింది. మా దగ్గర దాని మొక్క ఒక్కటి కూడా లేదు.

సాల్, జాలారి లాంటి చెట్ల గింజలు ఆరితే చచ్చిపోతాయి. వాటికి నిద్ర ఉండదు. రాలిన కొద్ది రోజుల్లోనే, తొలకరి తడికి మొలవాలని పుట్టిన గింజలవి. ఫ్రిజ్‌లో పెట్టే విత్తన బ్యాంకు పద్ధతి వీటికి పనికిరాదు. కాబట్టి కాయ పండుతున్నట్టు రెక్కలు ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు తిరగ్గానే చెట్టు కింద వల కట్టండి. నేల మీద రాత్రంతా ఉంటే పురుగు తొలుస్తుంది. ఉదయం ఏరింది సాయంత్రానికి మట్టిలో పడాలి. రెక్కలు తుంచి, గింజ సగం కనబడేలా పెట్టి, నీడలో తడి ఆరకుండా చూడండి. అనుమతులేమైనా కావాలంటే పూత వచ్చినప్పుడే, రెండు నెలల ముందే, కాగితం పెట్టేయండి.

ఇక్కడ చిన్న కిటుకు ఉంది. నర్సరీ సంచుల మట్టిలో తల్లి చెట్టు కింది మట్టి రెండు గుప్పెళ్లు కలపండి. ఈ కుటుంబపు చెట్ల వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం ఆ మట్టిలో ఉంటుంది. అది అందితే మొక్క నిలదొక్కుకుంటుంది. లేకపోతే ఆరు ఆకులేసి అక్కడే ఆగిపోతుంది. (మాను మొదలు దగ్గర పుట్టగొడుగులు కనబడిన చోటి మట్టి మాత్రం తీసుకోకండి.)

ఎర్రచందనం గింజలు దీనికి పూర్తిగా వేరు. ఎండిన కాయను దాచుకోవచ్చు, కానీ కాయ గట్టిది, మొలక శాతం తక్కువ. కాయల్ని పేడనీళ్లలో నానబెట్టి తర్వాత నాటడం నర్సరీల్లో చాలామంది చేసే పని. రెండు చెట్లూ కాస్తున్నాయా, ఒకటే కాస్తోందా గమనించి రాసుకోండి. దొంగల భయం సరేసరి, ఆ రెండింటికీ రాత్రి కాపలా ఖాయం చేయించండి.

పేరిత దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. అది శేషాచలం కొండల సొంత చెట్టు. అంతర్జాతీయ వ్యాపారం నిషేధించిన జాబితాలో ఉంది, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందా రక్షణ ఉంది. వీటిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మీ దగ్గర ఉన్నది ఒకటే. అది ఆడదై, గింజలు కట్టిందంటే సంతోషించే ముందు, దగ్గర్లో వేరే సైకస్ జాతి మగ చెట్టు ఉందేమో వెతకండి. పాత తోటల్లో దేశదేశాల సైకస్‌లు పక్కపక్కన నాటేవాళ్లు, అవి ఒకదానితో ఒకటి తేలిగ్గా కలుస్తాయి. అలా పుట్టిన మొక్క చూడటానికి పేరితలాగే ఉంటుంది కానీ సంకరం. దాన్ని తెలియక కొండకు పంపితే అసలు జాతికే కల్తీ పడుతుంది. ఎర్రచందనాల కాపు రాసుకున్నట్టే, ఇక్కడ పూత తేదీలు రాయండి, ఆడ చెట్టు తల మీది పూత గుబురు విచ్చుకునే ముందు గుడ్డ కట్టి, నమ్మకమైన చోటి నుంచి పుప్పొడి తెప్పించి చేత్తో పట్టించడం దారి. హౌరాలో 1894లో నాటిన జంట కొబ్బరి ఆడ చెట్టుకు జోడీ లేక, బయటి నుంచి పుప్పొడి తెప్పించి ఇలాగే చేయాల్సి వచ్చింది.

ఒక్క తల్లి నుంచి వెయ్యి మొక్కలు పెంచినా అవన్నీ ఒకే ఇంటి పిల్లలు. అడవిలో జాతిని నిలబెట్టాలంటే వేర్వేరు తల్లుల గింజలు కావాలి. ఒక ప్రాంతంలో కనీసం యాభై చెట్ల నుంచి సేకరించమంటారు నిపుణులు. మీ ఒక్క చెట్టుతో అది కాదు. అందుకే అటవీ శాఖతో, తిరుపతి వైపు పరిశోధన చేసేవాళ్లతో ఇప్పుడే పరిచయం పెంచుకోండి. వాళ్ల కొండ గింజలు కొన్ని మీ తోటలోకి, మీ చెట్టు మొక్కలు కొన్ని వాళ్ల దగ్గరికి, అంతా అనుమతి కాగితాలతోనే. ప్రతి మొక్కకూ తల్లి నంబరు ఉండాలి. తక్కువలో తక్కువ మూడు ఊళ్లలో మొక్కలుండాలి, అన్నీ ఒకే తీరంలో కాకుండా.

తీరం అన్నది ఊరికే అనలేదు. హౌరా తోటను 1864 తుపాను నేలమట్టం చేసినంత పని చేసింది, మూడేళ్లకే 1867లో ఇంకొకటి. 2020 మే 20న ఉంఫన్ తుపాను మళ్లీ ఎన్నో చెట్లను పడగొట్టింది, అక్కడి మహా మర్రికీ గాయాలయ్యాయి. ఆ మర్రి అసలు మానును శిలీంధ్రం పట్టిందని 1925లోనే తీసేశారు, ఊడలే దాన్ని నిలబెట్టాయి. మీ జాలారికి ఊడలు లేవు. దాని ఊడలు మీరు పెంచే మొక్కలే.

గాలివాన ఒక్కటే శత్రువు కాదు, మంచి ఉద్దేశంతో చేసే మార్పు కూడా తోటను పాడు చేయగలదు. 1842 నుంచి 1844 వరకూ హౌరా తోటను తాత్కాలికంగా చూసిన విలియం గ్రిఫిత్ గొప్ప శాస్త్రవేత్త. మొక్కల్ని వర్గీకరణ ప్రకారం వరుసగా అమర్చాలని పాత చెట్లను కొట్టించేశాడు. 1848లో వచ్చిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్, సైకస్‌ల బాటా, టేకు, మహాగని, లవంగం, జాజికాయ తోపులూ పోయాయని బాధపడుతూ రాశాడు. మీ కమిటీకి పేవర్ల గురించి చెప్పేటప్పుడు ఈ కథ చెప్పండి.

ఇంకొకటి కూడా చెప్పండి. రాక్స్‌బర్గే వర్ణించిన తాళి అనే బెంగాలీ తాళవృక్షం ఉంది, మన శ్రీతాళానికి దగ్గర బంధువు. జీవితంలో ఒక్కసారే పూసి, కాసి, చనిపోతుంది. అడవిలో మిగిలిన చివరి చెట్టు బీర్‌భూమ్ జిల్లాలో 1979లో పూతకొచ్చింది. తల మీద అంతెత్తున లేచిన పూతను చూసి ఊళ్లోవాళ్లు దెయ్యం పట్టిన తాడి అనుకుని, గింజ పండకముందే నరికేశారు. ఢాకా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఒక చెట్టు 2008లో పూసింది. అది ఏమిటో అక్కడివాళ్లకు ముందే తెలుసు కాబట్టి, కాయలు ఏరి మొక్కలు పెంచారు. మీ చెట్టు చుట్టుపక్కల ఉండేవాళ్లకు, వాకింగ్‌కు వచ్చేవాళ్లకు, సెక్యూరిటీ గార్డుకు కూడా అది ఏమిటో తెలియాలి. తెలుగులో, పెద్ద అక్షరాలతో, మేకు కొట్టకుండా నేలలో పాతిన బోర్డు పెట్టించండి.

ఇప్పటికి చేయాల్సింది ఇంతే. సున్నం గీత ఇవాళ గీయండి. జాలారి మొదలును నాలుగు వైపుల నుంచీ, నేల కనబడేలా, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. చుట్టుకొలత, తొర్ర వెడల్పు, లోతు, మాను ఎటు ఒరిగింది, రాయండి. కింది కొమ్మల ఆకు ఒకటి కోసి తెల్లకాగితం మీద పెట్టి ఫోటో తీయండి. అవన్నీ నాకు పంపండి. గోడ మందం చూసి, కొమ్మల బరువు తగ్గించాలా, ఊతకర్ర పెట్టాలా, ఏ కొమ్మకు ఎక్కడ అనేది గుర్తుపెట్టి చెబుతాను. ఈలోపు పూత కనబడితే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా వల కొనేయండి.